పుల్ల గీతలు లేని డబ్బా

"సరిగ్గా నాలుగింటికి వచ్చి ఆ అమ్మాయిని తీసుకెళ్తాను మేడం. అంతవరకూ మీరేం వెతుక్కుంటారో వెతుక్కోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గోడ గడియారంలో పన్నెండూ పది అయింది.

"నాలుగే ఎందుకు?"

"నాలుగున్నరకి పేపరువాళ్ళని రమ్మన్నాను."

"ముందు ఫొటో, తరవాత కేసు అన్నమాట."

నవ్వాడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. రిపోర్టులో తేదీ ఏ మూల వేయాలో నేర్పింది నేనే. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక కూడా మేడం అనే పిలుస్తున్నాడు. ఆ పిలుపులో భయం మాత్రం పోయింది.

నిన్న, మంగళవారం, ఈ మర్దన కేంద్రంలో, రెండో గదిలో బల్ల మీద ఒక మనిషి చచ్చిపోయాడు. రిటైరైన ఫుట్‌బాల్ రిఫరీ, అరవై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళు ఈల వేసుకుంటూ పరిగెత్తి రెండు మోకాళ్ళూ అరగ్గొట్టుకున్నాడు. ప్రతి మంగళవారం పదింటికి వచ్చి, మోకాళ్ళకీ నడుముకీ సీబీడీ బామ్ రాయించుకుని, పదకొండింటికి వెళ్ళిపోయేవాడు. నిన్న వెళ్ళలేదు.

సీబీడీ అంటే గంజాయి జాతి మొక్క నుంచి తీసేదే కానీ మత్తెక్కించేది కాదు. ఇక్కడ దాన్ని మైనంలో, నూనెలో కలిపి డబ్బాల్లో పోస్తారు. కీళ్ళ నొప్పులవాళ్ళూ, చర్మం పొడిబారి దురదలు పెట్టేవాళ్ళూ వచ్చి రాయించుకుంటారు. కొందరు హాయిగా ఉందంటారు. కొందరు ఏమీ తెలియడం లేదంటారు. రాసుకుని చచ్చిపోయారని మాత్రం ఎవరూ వినలేదు.

పోస్టుమార్టంలో రిఫరీ గుండె నాళాలు శుభ్రంగా ఉన్నాయట. ఊరికే ఆగిపోయిందట. రక్తం పరీక్షకి పంపారు, ఫలితానికి వారం పడుతుంది. ఇన్‌స్పెక్టర్‌కి అంత ఓపిక లేదు. మర్దన చేసే అమ్మాయి ఆ పూట రిఫరీకి నిమ్మనీళ్ళు ఇచ్చిందని తెలిసి, ఆ గ్లాసుకి సీలు వేసి పట్టుకుపోయాడు.

"పైగా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు మేడం. తన చేతుల్లో మనిషి పోతే ఏ ఆడపిల్లయినా ఏడవకుండా ఉంటుందా?"

"నా మొగుడు పోయినప్పుడు నేనూ ఏడవలేదు. నువ్వక్కడే ఉన్నావు. నన్నెందుకు పట్టుకెళ్ళలేదు?"

అతను టోపీ సర్దుకుని బయటికి నడిచాడు.

ఆయన పోయి ఎనిమిది నెలలు. నాకు ఇంకా ఏడుపు రాలేదు. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, కేసులు వస్తున్నాయి. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది, అంతే. నడుం నొప్పికి ఆయనా ఇక్కడికే వచ్చేవారు. అందుకే పొద్దున ఈ కేసు వచ్చినప్పుడు కాసేపు ఆలోచించాను. వద్దనడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా, ఏమీ అనిపించక ఒప్పుకున్నాను.

కేసు తెచ్చింది ఆ అమ్మాయి అత్తగారు. ముందు హాల్లో బెంచీ మీద పది నెలల మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"మా కోడలు నాతో రోజూ పోట్లాడుతుందమ్మా," అంది, పిల్ల నోట్లోంచి తన కొంగు లాగేసుకుంటూ. "ఒక మాటంటే నాలుగంటుంది. కానీ మనిషికి విషం పెట్టే రకం కాదు. అలాంటిదే అయితే ముందు నాకు పెట్టాలా వద్దా?"

"పెట్టాలి," అన్నాను.

"అదే కదా నేననేది. ఈ పసిది సీసా నోట్లో పెట్టనివ్వదు. తల్లిపాలే. నాలుగింటికి దాన్ని తీసుకుపోతే దీన్ని నేనేం పెట్టి బతికించుకోను?"

ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు గడియారం కనబడింది. పన్నెండూ ఇరవై.

రెండో గదిలో ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నాను.

"నిన్న పొద్దున జరిగింది చెప్పు తల్లీ. టైములతో సహా చెప్పు."

"పదింటికొచ్చారండీ. నిమ్మనీళ్ళు అడిగితే ఇచ్చాను. పదీ పదికి రాయడం మొదలుపెట్టాను. రెండు మోకాళ్ళకీ, తొడల దాకా, నడుమంతా. పదీ ఇరవైకి ప్లాస్టిక్ చుట్టాను."

"ప్లాస్టిక్ ఏమిటి?"

"పల్చటి కాగితంలా ఉంటుంది కదండీ, తిండి మీద మూతలా కప్పేది. అది చుట్టి పైన వేడి తువ్వాళ్ళు వేస్తాం. మందు బాగా లోపలికి పోతుందని క్రీమక్క అలా నేర్పించింది. పది నిమిషాలకోసారి తువ్వాలు మారుస్తాం."

క్రీమక్క అంటే ఈ చోటి యజమానురాలు. బామ్ తయారుచేసేది కూడా ఆవిడే. వచ్చేపోయే వాళ్ళంతా అలాగే పిలుస్తారు.

"తరవాత?"

"పదీ నలభైకి నోట్లో ఇనుము నాకినట్టుందన్నారు. చెవుల్లో గుయ్యిమంటోందన్నారు. మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి కళ్ళు తేలేశారు. అంబులెన్సుకి పదీ నలభై ఏడుకి చేశానండీ, ఫోన్లో ఉంది చూడండి."

నోట్లో ఇనుము. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. గుర్తు రాలేదు, వదిలేశాను.

"ఆయనకి ఎవరితోనైనా గొడవుందా?"

"గొడవంటూ ఏం లేదండీ. కిందటి మంగళవారం మాత్రం వెళ్తూ వెళ్తూ క్రీమక్కతో, ఇది రాసినా రాయకపోయినా ఒకటేనమ్మా, ఈ డబ్బా అయిపోగానే మానేస్తానన్నారు. హాల్లో అప్పుడు నలుగురున్నారు. వచ్చేవారం చూడండి అన్నయ్యా అని నవ్విందామె."

కుడిచేతి వైపు చూశాను. చూపుడువేలూ మధ్యవేలూ చివర్ల చర్మం ఉబ్బి, నీరు పట్టి ఉంది.

"ఆ కాలిందేమిటి?"

అప్పుడే చూసుకున్నట్టు వేళ్ళు తిప్పి చూసుకుంది. "తువ్వాళ్ళు వేడిచేసే పెట్టె అంచు తగిలుంటుందండీ. సాయంత్రం పిల్లకి నీళ్ళు పోస్తుంటే చూశాను."

"కాలినప్పుడు తెలియలేదా?"

"లేదండీ. ఇన్‌స్పెక్టరుగారు నేనేదో తగలబెట్టాననుకుంటున్నారు."

మనసు మొద్దుబారినంత మాత్రాన వేలు కాలితే తెలియకుండా పోదు. అందులో నాకు అనుభవముంది. మొన్న పొద్దున పాలగిన్నె తగిలితే చటుక్కున చెయ్యి లాక్కున్నాను. ఈ అమ్మాయి లాక్కోలేదంటే మొద్దుబారింది మనసొక్కటే కాదు, వేళ్ళు కూడా. ఆ వేళ్ళతో ఆమె నిన్న పదింటి తరవాత ముట్టుకున్న మందు ఒక్కటే.

"రిఫరీ డబ్బా చూపించు."

గోడ పొడుగునా పదహారు సొరుగులున్నాయి. మనిషికొక డబ్బా, డబ్బాకొక సొరుగు. ఒకరిది ఇంకొకరికి రాయరు. మూతల మీద తెల్ల టేపు అంటించి పేర్లు రాశారు. పేర్లేమిటి, వరసలు. బ్యాంకు బాబాయి, మేడ మీది పిన్నిగారు, కళ్ళజోడు అత్తయ్య. పదకొండో దాని మీద రిఫరీగారు అని ఉంది. నిమ్మనీళ్ళ గ్లాసుకి అంత భద్రంగా సీలు వేసిన ఇన్‌స్పెక్టర్ దీని జోలికే పోలేదు.

"డబ్బాలో చెయ్యి పెడతావా?"

"అయ్యో, పెట్టనండీ. ప్రతిసారీ కొత్త చెక్క పుల్లతో తీస్తాను. పుల్ల గీతలు చూసే ఎవరిది ఎంతయిందో చెప్పగలను."

మూత తీశాను. మందు సగానికి సగం అయిపోయింది. మిగతా సగం మాత్రం అద్దంలా నున్నగా ఉంది. నడిమధ్యలో బొటనవేలంత చిన్న గుంట. పైన ఒక్క గీత లేదు.

పక్క సొరుగు తీశాను. గీతలున్నాయి. దాని పక్కది, గీతలు. పదిహేను డబ్బాలూ ఒకదాని తరవాత ఒకటి తీసి చూశాను. అన్నీ గీతలే. దున్నిన చేల లాగా ఉన్నాయి.

"నిన్న పుల్లతో తీశావు కదా. ఆ గీతలేవి?"

"నిన్న ఈ అంచునుంచి గీకానండీ, ఇదిగో." నిజమే. అంచున ఒక్కచోట చెక్కినట్టుంది. "పైనంతా నున్నగా ఉంటే, క్రీమక్క సర్దిందేమో అనుకున్నాను. కిందటివారం వరకూ ఇలా లేదు."

కరిగించి పోసిన మైనం చల్లారితే మధ్యలో గుంట పడుతుంది. కొవ్వొత్తి ఆరితే చూడండి, అంతే. కిందటి మంగళవారానికీ నిన్నటికీ మధ్య ఎవరో ఈ డబ్బాని కరిగించి, ఏదో కలిపి, మళ్ళీ ఇందులోనే పోశారు.

చూపుడువేలికి అరగింజంత తీసుకుని కింది పెదవికి ఎడమవైపు రాసుకున్నాను. బ్యాంకు బాబాయి డబ్బాలోంచి అంతే తీసి కుడివైపు రాసుకున్నాను. ఆ అమ్మాయి నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఐదు నిమిషాల తరవాత పళ్ళతో నొక్కి చూసుకున్నాను. కుడివైపు నొప్పి పుట్టింది. ఎడమవైపు పెదవి ఉన్నట్టే తెలియలేదు.

సీబీడీ రాస్తే పెదవి మొద్దుబారదు. అది పళ్ళు పీకేముందు ఇచ్చే మందు చేసే పని.

"ఏం చేస్తున్నారు వదినా?"

గుమ్మంలో క్రీమక్క నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి. చర్మం పాతికేళ్ళ పిల్లలా నిగనిగలాడుతూ, ఎదురుగా తిరిగే ప్రకటనలా ఉంటుంది. మా ఆయన్ని అన్నయ్యా అనేది కాబట్టి నన్ను వదినా అంటుంది.

"డబ్బాలు చూస్తున్నాను. సొరుగు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"ఒకటి ఈ పిల్ల దగ్గర, ఒకటి నా దగ్గర. కానీ నేను తయారుచేసి నింపి ఇవ్వడం వరకే వదినా. ఆ తరవాత డబ్బాల బాధ్యతంతా తనదే. నేను ముట్టుకోను."

"అస్సలు ముట్టుకోవా?"

"ఎందుకు ముట్టుకుంటాను? మానేసినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ తీసి పారేసేటప్పుడు తప్ప. అంతెందుకు, పాపం మన అన్నయ్య పోయాక ఆయన డబ్బా పారేద్దామని ఎంత వెతికానో. ఇల్లంతా తిరగేశాను, దొరకనే లేదు." నిట్టూర్చింది. "రిఫరీగారి ఒంట్లో ఏముందో ఎవరికి తెలుసు? నా బామ్ వల్ల ఇంతవరకూ ఒక్కళ్ళకి చిన్న దద్దురు కూడా రాలేదు. చర్మానికి అమృతం వదినా ఇది."

"నొప్పికో?"

"నొప్పికి కూడా," అంది. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఒంటిగంటన్నరకి ఇన్‌స్పెక్టర్ భోంచేసి వచ్చాడు. డబ్బా అతని ముందు పెట్టి, గుంట చూపించి, పెదవి సంగతి చెప్పాను. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"ఆ పార్లర్ కేసు గుర్తుందా నీకు? కాళ్ళ మీది వెంట్రుకలు తీయించుకోబోయే ముందు, నొప్పి తెలియకుండా ఉండాలని ఒకావిడ కాళ్ళంతా మొద్దుబారే క్రీము పూసుకుని ప్లాస్టిక్ చుట్టుకుంది. మందు రక్తంలో కలిసి, గుండె ఆగి పడిపోయింది. జీపు నడిపింది నువ్వే."

అతని ముఖం మారింది. గుర్తుంది. తెలివితక్కువవాడు కాదు, తొందరెక్కువ, అంతే. "అంటే విషం నిమ్మనీళ్ళలో కాదు, ఇందులో."

"అవును."

"ఈ డబ్బా తాళం ఎవరి దగ్గరుంది?"

నేను డబ్బా మూత బిగించాను.

"రాసిందెవరు? ప్లాస్టిక్ చుట్టిందెవరు? వేడి తువ్వాళ్ళు వేసిందెవరు?" డబ్బా కవర్లో వేసుకున్నాడు. "నా దగ్గర సాక్ష్యం సరిగ్గా లేదని పొద్దుట్నుంచీ మనసులో పీకుతూనే ఉంది మేడం. మీరే తెచ్చి చేతిలో పెట్టారు. చాలా థాంక్స్."

"రెండో తాళం క్రీమక్క దగ్గరుంది. కరిగించే గిన్నె వెనక గదిలో ఉంది."

"ఉంటుంది, తయారుచేసేది ఆవిడే కదా. తన క్రీముతో తన కస్టమర్ని తన బల్ల మీదే చంపుకుంటుందా ఎవరైనా? ఎందుకు చంపుతుంది, చెప్పండి. ఒక్క కారణం చెప్పండి, ఈ క్షణం వదిలేస్తాను ఆ పిల్లని."

కాపాడతానని వచ్చి ఆ అమ్మాయి మెడకి ఉచ్చు నేనే బిగించాను. బెంచీ మీద పిల్ల ఏడుపందుకుంది. తల్లి వచ్చి ఎత్తుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. కాలిన రెండు వేళ్ళూ దూరంగా పెట్టుకుని, మిగతా చేత్తో పిల్ల తల నిమురుతోంది. నేను చేసిన పనికి సిగ్గుపడాలని తెలిసింది. సిగ్గు రాలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చచ్చిపోయిన మనిషి సగం వాడిన బామ్ డబ్బా కోసం ఎవరైనా ఇల్లంతా ఎందుకు వెతుకుతారు? పారేయడానికా? దొరకకపోతే పీడా పోయిందనుకోరా?

ఆ డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన పోయిన మూడో రోజున, తువ్వాలూ, గదిలో తొడుక్కునే చెప్పులూ ఇక్కడే ఉండిపోయాయని నేనే వచ్చాను. హాల్లో ఎవరూ లేరు. సొరుగు తాళం వేసి లేదు. తువ్వాలుతో పాటు డబ్బా కూడా తీసి సంచీలో వేసుకున్నాను. ఎందుకు తీశానో తెలియదు. ఆయన వస్తువని తీశాను. ఇంటికెళ్ళి బీరువా పై అరలో పెట్టాను. మళ్ళీ మూత తీయలేదు.

ఆటో పట్టుకుని ఇంటికి వెళ్ళేసరికి రెండూ యాభై.

స్టూలెక్కి అందుకున్నాను. మూత మీద తెల్ల టేపు, దాని మీద క్రీమక్క గుండ్రటి అక్షరాలతో అన్నయ్య అని ఉంది. దాని కింద తేదీ. ఆయన పోయిన రోజుకి అయిదు వారాల ముందుది. స్టూలు మీదే నిలబడి మూత తిప్పాను.

సగం డబ్బా. నున్నగా ఉంది. మధ్యలో బొటనవేలంత గుంట.

స్టూలు దిగి మంచం మీద కూర్చుని, కుడివైపు పెదవికి రాసుకున్నాను. ఆ వైపు ఇంతవరకూ బాగానే ఉంది. గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలకి ఆ వైపు కూడా పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇనుము మాట ఎక్కడ విన్నానో. ఆ రోజు ఆయన పదకొండున్నరకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. నోట్లో ఇనుము నాకినట్టుందోయ్ అన్నారు. నేను పేపరు చదువుకుంటున్నాను. తలెత్తకుండానే, కాసిన్ని మంచినీళ్ళు తాగండి, అన్నాను. పన్నెండింటికి పేపరు మడిచి చూస్తే మనిషి లేరు. గుండెపోటే మేడం, పోస్టుమార్టం దేనికి, కోయించడం తప్ప, అన్నాడు ఇన్‌స్పెక్టర్. సరేనన్నాను.

దానికి వారం ముందు సంగతి కూడా వెనకే వచ్చింది. ఆయన్ని తీసుకురావడానికి నేనే వెళ్ళాను. హాల్లో జనం ఉన్నారు. ఏమమ్మా, నీ బామ్ పనిచేస్తోందని మా ఆయన నడుముకి ఎవరైనా చెప్పారా, లేక నీ బోర్డు మీద రాసి ఊరుకున్నారా, అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. క్రీమక్క ముఖం ఎర్రబడింది.

వచ్చేవారం చూడండి వదినా, అంది.

ఇన్‌స్పెక్టర్ అడిగిన కారణం అదే. బామ్ పనిచేయడం లేదని నలుగురి ముందూ నోరు జారినవాళ్ళ డబ్బాల్లో ఆమె మొద్దుబారే మందు కలిపింది. వాళ్ళకి నొప్పి తెలియకూడదు, తన పేరు పోకూడదు. నాకు కోపం రావాలి. డబ్బా మూత బిగించి సంచీలో వేసుకున్నాను.

తిరిగి వెళ్ళేసరికి నాలుగుకి ఎనిమిది నిమిషాలుంది. వాకిట్లో జీపు ఉంది. హాల్లో మహిళా కానిస్టేబులు ఆ అమ్మాయి పక్కన నిలబడి ఉంది. పిల్లని అత్తగారికి అందిస్తోంది కోడలు. పిల్ల వదలడం లేదు, తల్లి మెళ్ళో గొలుసు పిడికిట్లో పట్టుకుంది.

"తొమ్మిదింటికి ఒకసారి పాలు పట్టండత్తయ్యా. ఏడ్చినా సీసాయే పెట్టండి, అలవాటవుతుంది," అంటోంది. ఆ గొంతులో ఏమీ లేదు.

"నోర్ముయ్. నువ్వే వచ్చి పడతావు," అంది అత్తగారు. ఏడుస్తోంది ఆవిడ.

నేను డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. టేపు క్రీమక్క వైపు తిప్పి పెట్టాను.

ఆ నిగనిగలాడే ముఖంలో రక్తం లేదు. నన్ను చూడలేదు, డబ్బానే చూసింది.

"అది... అది మీ దగ్గరే ఉందా వదినా?"

"ఎనిమిది నెలలుగా."

ఇన్‌స్పెక్టర్ మూత తీశాడు. గుంట చూశాడు. టేపు మీది తేదీ చూశాడు. ఒక్కో పనీ నెమ్మదిగా చేశాడు, నేను నేర్పినట్టే.

"నువ్వు ఇక్కడ ఎప్పుడు చేరావమ్మా?" అని అడిగాడు ఆ అమ్మాయిని.

"ఆరు నెలలైందండీ."

చెయ్యూపాడు. కానిస్టేబులు ఆ అమ్మాయి పక్కనుంచి జరిగి క్రీమక్క పక్కకి వచ్చింది. పిల్ల ఒక్క దూకులో తల్లి మీదికి వెళ్ళిపోయింది.

"మేడం," అన్నాడు. గొంతు దిగిపోయింది. "ఆ రోజు పోస్టుమార్టం వద్దన్నది నేను."

"వద్దని ఒప్పుకున్నది నేను."

"నేను చంపాలనుకోలేదు," అంది క్రీమక్క. చేతులు రెండూ జోడించింది. "ఒట్టు వదినా. నొప్పి తగ్గాలనే వేశాను. అన్నయ్య పోయాక భయమేసి మానేశాను. మొన్న రిఫరీగారు అందరి ముందూ అలా అనేసరికి, కొంచెమే కదా, ఏం కాదులే అనుకున్నాను. ఆ రోజైనా, మీరే కదా వదినా అడిగింది? పనిచేయట్లేదని అన్నది మీరే కదా?"

నేనేదో అనబోయాను. రెండు వైపులా పెదవి లేదు.

"మేడం, డబ్బా ఇవ్వండి. సీలు వేయాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అది మళ్ళీ ఎప్పుడు నా చేతిలోకి వచ్చిందో తెలియదు. ఇచ్చేస్తాననే అనుకున్నాను. అతను రెండుసార్లు లాగాడు, వేళ్ళు వదల్లేదు. బెంచీ మీద నుంచి అత్తగారు లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, తన కొంగుతో నా చెంపలు తుడిచింది. అవి తడిశాయని నాకు అప్పుడే తెలిసింది.